పాయింటు

మావైపు దాన్ని పాయింటంటారు.
"ఒక పాయింటు పెట్టిపో మాలకొండయ్యా" అని
పామూరు నించి పొదిలి దాకా
ముప్పై ఏళ్ళు బండ్లెక్కించుకుని తిప్పారు నన్ను.
అరచేతిలో టెంకాయ పడుకోబెట్టి చేలో నడిస్తే
కింద జల ఉన్నచోట కాయ లేచి నిలబడేది.
ఓ పాజిటివ్ రక్తమున్నోడికే అది కుదురుద్దంటారు.
నాది ఓ పాజిటివే.
కాయ ఎందుకు లేస్తదో మాత్రం
నాకూ తెలియదు. ఎవరూ అడగలేదు.

ఆ ఎండాకాలం ఒకే తోటలో మూడు పాయింట్లు పెట్టాను.
ఆరొందలు, ఏడొందల యాభై, తొమ్మిదొందల అడుగులు.
మూడుసార్లూ రాతిపిండే లేచింది
బత్తాయి చెట్ల మీద, రిగ్గు మీద,
మాట్లాడకుండా నిలబడ్డ అంకిరెడ్డి మీసాల మీద.
ఆయన నన్నొక్క మాట అనలేదు.
అంటే బాగుండేది.

ఆ తర్వాత
ముద్ద నోట్లో పెట్టుకుంటే నమలాలని గుర్తుండేది కాదు.
మూడింటికే మెలకువ.
పొద్దు నడినెత్తికొచ్చినా కాళ్ళు మంచం దిగవు.
రెండేళ్ళలో నాలుగు రకాల మాత్రలు మింగాను.
నోరెండింది, అంతే.

నెల్లూరులో అయస్కాంతంతో వైద్యం చేస్తున్నారని
మేనకోడలు సుగుణమ్మ తీసుకొచ్చింది.
ముందు తల లోపల ఫోటో తియ్యాలన్నారు.
వెండి మొలతాడు, రాగి కడియం తీసి ట్రేలో పెట్టించారు.
గొట్టంలోకి తోస్తే
నెత్తిన రిగ్గు మొదలైంది.
అదే దడదడ. ఎరిగిన చప్పుడే.
ఈసారి దింపుతున్నది నాలోకి.
"ఏమీ ఆలోచించకుండా పడుకోండి పెద్దాయనా" అంది మైకు.
ఏమీ ఆలోచించకపోతే
మీసాలు కనపడతాయి, తెల్లగా.

డాక్టర్ నస్రీన్ తెర మీద చూపించింది.
ఎడమ నుదుటి వెనక ఒక చోటు.
లోతున, ముక్కు మొదలుకి ఆవల, ఇంకో చోటు.
ఇది లేస్తే అది వంగాలట.
ఆ తూగు గట్టిగా ఉన్నవాళ్ళకి
అయస్కాంతం ఎక్కువ పనిచేస్తున్నట్టు కనిపిస్తోందట.
"ఏతం" అన్నాను.
ఆ పిల్లకి ఏతం తెలియదు.
చెయ్యి పైకెత్తి, దించి, చూపించాను.

"నీళ్ళు పడతాయా మరి?"
ఆమె పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది.
"మీలాంటి ఫోటో ఉంటే
పదిమందిలో ఆరుగురికి అనుకుంటున్నాం.
ఈ ఫోటోలు చదవడం మాకే ఇంకా సరిగ్గా రాలేదు."

ఆ తటపటాయింపు నాకు తెలుసు.
కాయ సగం లేచి ఆగినప్పుడు
రైతు మొహం చూడకుండా నేనూ అట్టాగే
చెప్పుకాలితో మట్టి గీకేవాణ్ణి.
గీకి, తలెత్తి,
"రెండించులు, దండిగా" అనేవాణ్ణి.
ఆమె అట్టా అనలేదు.
ఆ ఒక్కదానికే ఒప్పుకున్నాను.

నెత్తికి గుడ్డటోపీ తొడిగి, టేపుతో కొలిచి,
స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టారు.
పాయింటు.
రోజూ ఇరవై నిమిషాలు
వడ్రంగిపిట్ట పొడిచినట్టు టకటకటక,
ఆగి, మళ్ళీ.
అయిదు రోజులు. పది. పద్నాలుగు.
కేసింగు పైపుకి చెవి ఆనించి వినేవాళ్ళలా
సుగుణమ్మ నా మొహంలోకి చూసేది.
వద్దని చెప్పే ఓపిక కూడా లేదు నాకు.

పదిహేడో రోజు
ఆత్మకూరు బస్టాండు దగ్గర టీకొట్టువాడు
అయిదు రూపాయల చిల్లర ఎగ్గొట్టాడు.
సగం రోడ్డు దాటినవాణ్ణి వెనక్కెళ్ళి అడిగాను.
గట్టిగా.
ఇడ్లీ తింటున్నవాళ్ళు తల తిప్పేంత గట్టిగా.
సుగుణమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది,
నవ్వో ఏడుపో.

డాక్టరమ్మకి చెబితే నవ్వలేదు, రాసుకుంది.
"ఇప్పుడే ఏమీ అనలేం" అంది.
తడిమన్ను రావడం వేరు, నీళ్ళు పడటం వేరు.
అది నాకొకరు చెప్పాలా.

మర్నాడు మొలతాడు పక్కన
ఆ అయిదు రూపాయల బిళ్ళ కూడా ట్రేలో పెట్టి కూర్చున్నాను.
ఇంకా పన్నెండు రోజులుంది.
టకటక మధ్య ఖాళీలో
అంకిరెడ్డి ఫోను నంబరు గుర్తొచ్చింది,
పది అంకెలూ.